కాలువపాలగు ఆమ్లమును తిరిగి రాబట్టుట

చింతపండు పులుపు, నిమ్మపండు పులుపు, పెరుగు పులుపు మన వంటయిండ్లకు క్రొత్తవి కావు. ఈ మూడు పులుపులకును మూడు వేర్వేరు ఆమ్లములు కారణము. చింతపండునందు టార్టారికామ్లమును, నిమ్మయందు సిట్రికామ్లమును, పెరుగునందు లాక్టికామ్లమును కలవు. సిర్కాలో ఎసిటికామ్లము కలదు. చీమ కుట్టినపుడు మంట పుట్టించు ద్రవమునందు ఫార్మికామ్లము కలదు. వీనినన్నిటిని శాస్త్రజ్ఞులు సేంద్రియామ్లములని పిలుతురు. వీనిలో చాలవరకు విషములు కావు. పెక్కు వానిని మనము నిత్యము భుజించుచునే యున్నాము.

అయినను ఇవే ఆమ్లములు కర్మాగారముల వ్యర్థజలముతో గూడి పెద్ద మొత్తముగా చెరువునందు పడినచో ఆ చెరువులోని చేపలు చచ్చును, నీరు నల్లబడి దుర్గంధము కొట్టును. వంటయింటి పులుపు ఊరి చెరువునకు చేటు యెట్లు తెచ్చును? ఆ ఆమ్లమును కాలువలోనికి పోనీయక తిరిగి రాబట్టుకొను ఉపాయమేదైన కలదా? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము తెలిసికొనుట పంచాయతీ సభ్యులకు మిక్కిలి అవసరము.

ఉప్పల్, నాచారముల పాఠము

హైదరాబాదు నగరమునకు తూర్పున నున్న ఉప్పల్, నాచారము ఒకప్పుడు పొలములు, చెరువులు గల గ్రామములు. నేడు అవి నగరములో భాగములు. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము 2007లో బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థయందు విలీనమైనది. నాచారము, ఉప్పల్, మల్లాపురములందలి పారిశ్రామిక వాడలలో మందులు, రసాయనములు, ఆహారపదార్థములు, యంత్రభాగములు తయారుచేయు కర్మాగారములు వెలసినవి. వీనివలన వేలాది కుటుంబములకు జీవనోపాధి లభించినది. కాని పరిశ్రమలును జనావాసములును ఒకదాని నొకటి ఒరసికొని పెరిగినపుడు వ్యర్థజలమునకు దారి యెక్కడ అను సమస్య తప్పదు. ఈ ప్రాంతమునకు దక్షిణముగా మూసీ నది తూర్పుదిక్కునకు సాగిపోవుచున్నది. పీర్జాదిగూడ మొదలు దిగువనున్న గ్రామములందు ఆ నీటితోనే రైతులు పశుగ్రాసమును, వరిని పండించుచు వచ్చిరి. ఎగువన కాలువలో కలిసినది దిగువన పొలము చేరుననుట ఆ రైతులకు ఎవరును చెప్పనక్కరలేని సత్యము.

ఇదే ప్రాంతమున, తార్నాక నుండి ఉప్పల్ పోవు మార్గముపై, దేశమున పేరెన్నికగన్న పరిశోధనాలయములు కలవు. వానిలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఒకటి. హైదరాబాదు సంస్థాన ప్రభుత్వము 1944లో నెలకొల్పిన కేంద్ర ప్రయోగశాలలే దీనికి మూలము. 1956లో దీనిని శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి తన యధీనమునకు తీసికొని ప్రాంతీయ పరిశోధనాలయముగా నడిపెను. 1989లో దీనికి ప్రస్తుత నామము వచ్చినది. పలుచని పొరలతో నీటినుండి కరగిన పదార్థములను వేరుచేయు విద్య ఈ సంస్థయందలి పరిశోధనాంశములలో ఒకటి. వ్యర్థజలము పుట్టు చోటును, దానిని శుద్ధిచేయు విద్యను అభ్యసించు చోటును ఒకే రహదారి చెంతనుండుట ఇచ్చటి విశేషము.

నగరమునందలి కాలుష్యకారక పరిశ్రమలను బాహ్య వలయ రహదారి వెలుపలికి తరలింపవలెనను ఆలోచన చాలకాలముగా నున్నది. అట్లు జరిగినపుడు అవి చేరునది గ్రామములకే. కావున నేడు ఉప్పల్, నాచారములు నేర్చిన పాఠము రేపు మన గ్రామ పంచాయతీకి అక్కరకు వచ్చును.

చెరువునకు కలుగు హాని

నీటిలో కొంత ప్రాణవాయువు కరగియుండును. చేపలు దానినే పీల్చి బ్రతుకును. వేసవి వేడిలో లీటరు నీటియందు సుమారు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువు నిలువదు. సేంద్రియామ్లము నీటిలో పడిన వెంటనే సూక్ష్మజీవులు దానిని ఆహారముగా గొని వృద్ధిచెందును. అట్లు వృద్ధిచెందుచు నీటిలోని ప్రాణవాయువును హరించును. ఒక కిలోగ్రాము ఎసిటికామ్లము పూర్తిగా జీర్ణమగుటకు ఒక కిలోగ్రామునకు కొంచెము పైగా, అనగా 1,067 గ్రాముల ప్రాణవాయువు కావలయును. ఇది సుమారు 1,40,000 లీటర్ల చెరువునీటియందుండు ప్రాణవాయువునకు సమానము.

ఒక ఉదాహరణము చూతము. పదివేల లీటర్ల ట్యాంకరు నిండ వ్యర్థజలము కలదనుకొందము. అందు నూటికి రెండు వంతుల ఎసిటికామ్లము, అనగా 200 కిలోగ్రాములు, ఉన్నదనుకొందము. ఆ ఒక్క ట్యాంకరును రాత్రివేళ చెరువులో వదలినచో, ఏడు ఎకరముల విస్తీర్ణమును ఒక మీటరు లోతును గల చెరువులోని ప్రాణవాయువునంతయు హరింపగల శక్తి దానికి కలదు. గాలినుండి కొంత ప్రాణవాయువు మరల నీటిలోనికి వచ్చుచుండును గాని, ఆ లోపల చేపలకు జరుగవలసిన హాని జరిగిపోవును.

ఇచ్చట సభ్యులు ఒక సంగతిని ప్రత్యేకముగా గమనింపవలయును. ఆమ్లజలమునందు సున్నము కలిపినచో పులుపు విరుగును. లిట్మసు కాగితము ముంచి చూచినచో నీరు నిర్దోషముగానే కనిపించును. కాని ఆమ్లము ఎచ్చటికిని పోలేదు. అది సున్నముతో గూడి లవణరూపమున ఆ నీటిలోనే యున్నది. సూక్ష్మజీవులు ఆ లవణమును కూడ అట్లే భక్షించును; ప్రాణవాయువు అట్లే హరించును. కావున పులుపు విరిగిన నీరంతయు శుద్ధజలము కాదు. వ్యర్థజలమును నదులలోనికి, చెరువులలోనికి వదలుటకు ప్రభుత్వము విధించిన సామాన్య ప్రమాణములందు పి.హెచ్. విలువ 5.5 నుండి 9 వరకుండవలెననుటయే కాక, సి.ఓ.డి. అనబడు రసాయనిక ప్రాణవాయు అవసరము లీటరునకు 250 మిల్లీగ్రాములు మించరాదను నియమము కూడ కలదు. పై ఉదాహరణములోని ట్యాంకరు నీటియందు అది 21,000 మిల్లీగ్రాములకు పైగా నుండును. అనగా అనుమతికి ఎనుబది రెట్లకు మించినది.

పాత పద్ధతులు, వాని లోపములు

ఇంత ఆమ్లమును వ్యర్థజలమునుండి తీసి మరల వాడుకొనరాదా యని అడుగవచ్చును. అడుగుట సులభము, చేయుట కష్టము. ఎసిటికామ్లము 118 డిగ్రీల వేడియొద్ద మరగును. నీరు 100 డిగ్రీలయొద్ద మరగును. నూటికి రెండు వంతుల ఆమ్లము కొరకు తొంబదియెనిమిది వంతుల నీటిని ఆవిరిగా మార్చవలసి వచ్చును. అందుకు అయ్యెడు బొగ్గు ఖర్చు ఆమ్లపు వెలను మించిపోవును. లాక్టిక, సిట్రికామ్లముల విషయమున ఈ మార్గము మరింత దుర్ఘటము.

లాక్టికామ్లమును కర్మాగారములందు చెరకు మడ్డి, మొక్కజొన్న పిండి మున్నగు వానిని పులియబెట్టి చేయుదురు. పులియు ద్రవమునందు సున్నము కలిపి, వచ్చిన లవణమును వడకట్టి, దానిపై గంధకామ్లము పోయుట పాత పద్ధతి. ఇట్లు చేసినచో ఒక కిలోగ్రాము లాక్టికామ్లమునకు అర కిలోగ్రామునకు పైగా గంధకామ్లము ఖర్చగును. దాదాపు ఒక కిలోగ్రాము జిప్సము మడ్డిగా మిగులును. సిట్రికామ్లమునకైనచో ఒక కిలోగ్రామునకు మిగులు జిప్సము సుమారు 1.3 కిలోగ్రాములు. ఎంత సరకో అంత చెత్త! ఆ గుట్టలను పోయుటకు స్థలము మరల ఏదో యొక గ్రామపు బీడునందే వెదుకుదురు.

విద్యుత్తు, పొరలు చేయు పని

ఈ చిక్కును విప్పుటకు అక్కరకు వచ్చు పద్ధతియే ఎలక్ట్రోడయాలిసిస్. అనగా విద్యుచ్ఛక్తి లాగగా, పలుచని పొరల గుండ, నీటిలో కరగిన లవణములను వేరుచేయుట.

లవణము నీటిలో కరగినపుడు రెండు విధములైన కణములుగా విడివడును. వీనిని అయానులందురు. సోడియము ఎసిటేటను లవణము కరగినచో సోడియము అయాను ధన విద్యుదావేశమును, ఎసిటేటు అయాను రుణ విద్యుదావేశమును వహించియుండును. ఆ నీటికి ఇరువైపుల లోహపు పలకలుంచి విద్యుత్తును ప్రసరింపజేసినచో ధన అయానులు ఒక వైపునకును, రుణ అయానులు మరియొక వైపునకును కదలును. కళ్లమునందు తూర్పారబట్టునపుడు గాలి పొట్టును ఒక వైపునకు తోసి గింజను వేరుచేయునట్లు, ఇచ్చట విద్యుత్తు అయానులను వేరుచేయును.

కాని నీరు గింజవలె కుప్పగా నిలువదు గదా! అందుచేత నడుమ పొరలు కావలయును. ఈ పొరలు రెండు జాతులు. ఒక జాతి పొర ధన అయానులను మాత్రమే పోనిచ్చును. రెండవ జాతి పొర రుణ అయానులను మాత్రమే పోనిచ్చును. వీనిని ఒకదాని తరువాత నొకటిగా, మిల్లీమీటరు పాటి ఎడముతో, వందలకొలది పేర్చి బిగింతురు. వాని నడుమ నీరు పారుచుండగా విద్యుత్తు ప్రసరించినచో, ఒక అరనుండి లవణము వెడలిపోయి నీరు తేరును; ప్రక్క అరలో ఆ లవణము చేరి చిక్కబడును. చక్కెర మున్నగు విద్యుదావేశము లేని పదార్థములు మొదటి అరయందే నిలిచిపోవును.

మన గ్రామములందు త్రాగునీటి కొరకు నెలకొల్పిన ఆర్.ఓ. యంత్రములను సభ్యులు చూచియే యున్నారు. అచ్చటను పొరయే పనిచేయును. కాని పద్ధతి వేరు. ఆర్.ఓ. యంత్రము పంపు ఒత్తిడితో నీటిని పొరగుండ తోసి లవణమును వెనుక నిలుపును. ఎలక్ట్రోడయాలిసిస్ యంత్రము విద్యుత్తుతో లవణమును పొరగుండ లాగి నీటిని వెనుక నిలుపును.

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. చక్కెర పాకమునుండి లవణములను తీయుటకు 1890లోనే ఐరోపాయందు ప్రయత్నములు జరిగినవి. అనేక అరల యంత్రమును 1940లో రూపొందించిరి. 1950లో మంచి పొరలు తయారైన పిమ్మట ఉప్పునీటిని మంచినీరుగా మార్చుటకు ఇది విరివిగా వాడుకలోనికి వచ్చెను. జపాను దేశము 1972 నాటికి ఉప్పుమళ్లను విడిచి సముద్రజలమునుండి ఉప్పును ఈ పద్ధతిచేతనే తీయసాగెను. మన దేశమున 1954లో ప్రారంభమైన భావనగరపు కేంద్రీయ లవణ, సాముద్రిక రసాయన పరిశోధన సంస్థ ఈ పొరల తయారీయందు, వాడుకయందు చిరకాలముగా కృషి చేయుచున్నది.

జంట పొర మహిమ

ఇంతవరకు చెప్పిన పద్ధతివలన లవణము చిక్కబడును గాని ఆమ్లము రాదు. ఆమ్లమును రాబట్టుటకు మూడవ జాతి పొర కావలయును. పైన చెప్పిన రెండు జాతుల పొరలను వీపునకు వీపు అతికించినచో వచ్చునది ద్విధ్రువ పొర. దీనిని జంట పొర యనవచ్చును. విద్యుత్తు ప్రసరించునపుడు ఈ రెంటి అతుకునందున్న నీరు చీలి, ఒక వైపునకు ఉదజని అయానును, మరియొక వైపునకు హైడ్రాక్సిల్ అయానును పంపును.

ఇక సోడియము ఎసిటేటు కరగిన వ్యర్థజలమును ఇట్టి యంత్రమునందు పారించినచో ఏమగునో చూడుడు. ఎసిటేటు అయాను ఒక అరలోనికి పోయి, అచ్చట ఉదజని అయానుతో కలిసి ఎసిటికామ్లమగును. సోడియము అయాను వేరొక అరలోనికి పోయి, హైడ్రాక్సిల్ అయానుతో కలిసి కాస్టిక్ సోడా యగును. గంధకామ్లము పోయ నక్కరలేదు. జిప్సపు గుట్ట లేదు. ఒక కిలోగ్రాము ఎసిటికామ్లముతో పాటు 667 గ్రాముల కాస్టిక్ సోడా లభించును. ఆ సోడాను అదే కర్మాగారమున మరల వాడుకొనవచ్చును. పులియబెట్టు తొట్టెలలో సున్నమునకు మారుగా ఆ సోడానే కలిపినచో, అది తిరిగి తిరిగి అదే పనికి వచ్చుచుండును.

విద్యుత్తు ఖర్చెంత? నూరు ఆంపియర్ల విద్యుత్తు ఒక్క జంట పొర గుండ సుమారు నాలుగున్నర గంటలు ప్రసరించినచో, నష్టమేమియు లేనపుడు, ఒక కిలోగ్రాము ఎసిటికామ్లము వచ్చును. నీరు చీలుటకు కనీసము 0.83 వోల్టు ఒత్తిడి అవసరము; ఆచరణయందు అంతకు మించి పట్టును. అరకు ఒకటిన్నర వోల్టు చొప్పున లెక్కించి, అయిదవ వంతు నష్టమును తీసివేసినను, పొరల వద్ద ఖర్చు కిలోగ్రామునకు ఒక యూనిట్టునకు లోపుగనే తేలును. పంపులను, ఇతర నష్టములను కలుపుకొన్నచో ఒకటి రెండు యూనిట్లని సుమారుగా చెప్పవచ్చును. మన ఉదాహరణములోని ట్యాంకరు నీటినుండి ఆమ్లమంతయు రాబట్టినచో 200 కిలోగ్రాముల ఆమ్లము, 133 కిలోగ్రాముల సోడా లభించును. విద్యుత్తు 200 నుండి 400 యూనిట్ల వరకగును. చెరువును చంపవలసిన పదార్థము ఈ విధముగా సరకై అంగడికి చేరును.

కష్టములు, హద్దులు

ఈ పద్ధతి అన్ని రోగములకును మందు కాదు. దీని హద్దులను కూడ చెప్పుట న్యాయము.

మొదటిది, నీటి కాఠిన్యము. మన తెలంగాణపు రాతినేలలందలి బోరునీటిలో కాల్షియము, మెగ్నీషియము విస్తారముగా ఉండుట కద్దు. జంట పొర యొద్ద క్షారము పుట్టుచుండుటచే ఈ లోహములు అచ్చట సున్నపు పెచ్చులవలె గడ్డకట్టి పొరను పాడుచేయును. కావున వ్యర్థజలమును ముందుగా వడకట్టి, కాఠిన్యమును తొలగించి, ఆ పిదపనే యంత్రములోనికి పంపవలయును.

రెండవది, పొరల వెల. ఇవి ఖరీదైనవి. జిడ్డు, రంగులు, పెద్ద అణువులు గల మలినములు పొర రంధ్రములను మూసివేయును. జాగ్రత్తగా కడుగుచు కాపాడుకొననిచో తరుచుగా మార్చవలసివచ్చి లాభమంతయు హరించుకొనిపోవును.

మూడవది, ఆమ్లపు స్వభావము. సేంద్రియామ్లములు దుర్బలములు, అవి ఆమ్లరూపమున నున్నపుడు స్వల్పముగా మాత్రమే అయానులుగా విడివడును. విడివడని దానిని విద్యుత్తు లాగజాలదు. అందుచేత క్షారము కలిపి ముందుగా లవణముగా మార్చవలయును.

నాల్గవది, మిగిలిన మలినములు. విద్యుదావేశము లేని ద్రావకములు, మందుల అవశేషములు ఈ యంత్రమువలన పోవు. వానికి వేరు చికిత్స తప్పదు. అనేక ఆమ్లములు, లవణములు కలగాపులగముగా నున్న నీటినుండి శుభ్రమైన ఆమ్లము రాదు. కనుక ప్రతి కర్మాగారమును, ఆయా తొట్టెనుండి వచ్చు నీటిని ఒకదానితో నొకటి కలుపక, పుట్టినచోటనే వేరుగా పట్టుటలోనే ఈ పద్ధతి విజయము ఆధారపడియున్నది. అన్నియు కలిసిన పిమ్మట వేరుచేయుట కంటె కలుపకుండుట సులభము.

పంచాయతీ చేయవలసినది

1974లో వచ్చిన జల కాలుష్య నివారణ చట్టము ననుసరించి, వ్యర్థజలమును వెడలించు కర్మాగారములు సాధారణముగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందవలయును. పెద్ద పరిశ్రమల విషయమున 2006 నాటి పర్యావరణ ప్రకటన ననుసరించి ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుగు సందర్భములు కలవు. ఆ సభలో సభ్యులు ఊరకుండక, కోపముతో కేకలు వేయక, ఈ క్రింది ప్రశ్నలు అడిగి సమాధానములను వ్రాయించుకొనుట మేలు.

1. మీ వ్యర్థజలము దినమునకు ఎన్ని లీటర్లు? అందు ఏయే ఆమ్లములు, ఏయే లవణములు ఎంతెంత?

2. దానిలో తిరిగి రాబట్టదగినది ఏమి కలదు? రాబట్టుటకు ఏ పద్ధతి అవలంబింతురు?

3. సున్నము కలిపి పులుపు విరుచుటతో ఆపుదురా? సి.ఓ.డి. ఎంతకు తగ్గింతురు?

4. మిగులు జిప్సము, మడ్డి, ఉప్పు ఎచ్చట నిలువచేయుదురు? వాన నీటికి అవి కొట్టుకొనిపోకుండ ఏ యేర్పాటు కలదు?

5. ట్యాంకర్లలో నీరు వెలుపలికి పోవునా? పోవునేని ఎచ్చటికి, ఏ రసీదుతో?

ఇవిగాక పంచాయతీ తనంతట చేయదగిన పనులు కొన్ని కలవు. పరిశ్రమ రాకమునుపే గ్రామపు బావులను, బోర్లను, చెరువును గుర్తింపుగల ప్రయోగశాలలో పరీక్షింపజేసి ఆ ఫలితములను దస్త్రమునందు భద్రపరుపవలయును. మొదట నీరెట్లుండెనో తెలియనిచో, పిమ్మట చెడినదని నిరూపించుట కష్టము. పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతపు కాలుష్య విషయము 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కి ఏండ్లకొలది నడచినదని సభ్యులు మరువరాదు. చెరువులో చేపలు చచ్చినను, నీరు రంగు మారినను ఆ దినముననే శుభ్రమైన సీసాలో నీటిని పట్టి, తేది, వేళ, స్థలము వ్రాసి, మండలి కార్యాలయమునకు లిఖితపూర్వకముగా తెలుపవలయును. ఆలస్యమైనచో ప్రవాహముతో సాక్ష్యము కూడ కొట్టుకొనిపోవును.

పరిశ్రమను ద్వేషించుట మన పని కాదు. మన యువకులకు పని కావలయును. మన మొక్కజొన్నకు, చెరకునకు క్రొత్త గిరాకీ కావలయును. లాక్టికామ్లమునుండి క్రొత్తరకపు ప్లాస్టిక్కును కూడ చేయుచున్నారు. ఇట్టి పరిశ్రమలు మన గ్రామముల చెంతకు వచ్చినచో రైతునకు మేలే కలుగును. కాని ఆ మేలునకు వెలగా చెరువును ఒసగవలసిన అగత్యము లేదు. ఆమ్లమును కాలువపాలు చేయువాడు సరకును పోగొట్టుకొనుచున్నాడు, పొరుగువాని నీటిని చెరచుచున్నాడు. దానిని తిరిగి రాబట్టు విద్య నేడు కలదు. ఆ విద్య కలదని తెలిసిన పంచాయతీని, వేరు మార్గము లేదని ఎవరును నమ్మింపజాలరు.